చర్చి సైజు నక్షత్రం

నాకు సాక్ష్యం లేదు. మా చర్చిలో ఇది చిన్న లోపమేం కాదు. ఆదివారం పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు, దాన్నే సాక్ష్యం అంటారు. ఒకావిడ కిడ్నీలో రాయి కరిగిపోయింది. ఒకాయన తాగుడు మానేశాడు. ఇంకొకాయన లారీ కింద పడి, లేచి, దుమ్ము దులుపుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. నా వంతు వచ్చేసరికి చెప్పుకోవడానికి నాకో రోగమైనా లేదు. బీపీ కూడా సరిగ్గానే ఉంది. మా ఆయన టీ తప్ప ఏమీ తాగడు. లేచి నిలబడి, "నాకు సంతోషంగా ఉందండీ" అని కూర్చున్నాను. ఇంకేదో వస్తుందని అందరూ కాసేపు నా వైపే చూశారు.

నిజం అంతే. మాది పటమటలో చీరల వ్యాపారం. వ్యాపారమంటే దుకాణం కాదు, మా ఇంటి ముందుగది. మంగళగిరి వెళ్ళి నేత చీరలు నేను తెస్తాను, మా అత్తయ్య అమ్ముతుంది. దివాన్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుందంటే, వద్దని వచ్చినవాళ్ళు కూడా రెండు కట్టించుకుని వెళ్ళాల్సిందే. డిసెంబరు వచ్చిందంటే క్రైస్తవుల ఇళ్ళలో పండగకి తెల్లచీరలు కావాలి. అందుకని మా అత్తయ్య నవంబరులోనే తెల్లవీ, మీగడ రంగువీ తెప్పించి పెడుతుంది. ఆవిడకి మతం పూజగది వరకే, ముందుగదిలో బేరమే.

అలా ఒక డిసెంబరులో పాస్టరమ్మగారికి చీరలివ్వడానికి ఆటోనగర్ వెళ్ళాను. వాళ్ళ చర్చి టైర్ల దుకాణం మీద మేడపైన ఉన్న హాలు. పైకి వెళ్ళేసరికి పాట జరుగుతోంది. సంచీ పక్కన పెట్టి, అయ్యేదాకా కూర్చుందామని చాప మీద కూర్చున్నాను. నా పక్కావిడ, మా ఊళ్ళో అయితే మా వాకిట్లో దూరంగా నిలబడే ఇంటి మనిషి, మోకాలితో నన్ను జరిపి, తన పాటల పుస్తకంలో సగం నా ఒళ్ళో పెట్టింది. ఇద్దరం ఒకే పుస్తకంలో చూస్తూ పాడాం. నాకు పాట రాదు, ఆవిడకి శ్రుతి రాదు. ఎందుకో ఒంట్లోంచి గంపెడు బరువు దిగినట్టయింది. అంతకు ముందు బరువు ఉందనే నాకు తెలియదు. పాట అయిపోయింది, ప్రార్థన అయిపోయింది, నాకు మాత్రం లేవాలనిపించలేదు. ఆ రోజు చీరల డబ్బు తీసుకోవడం మరిచిపోయి ఇంటికొచ్చాను. అత్తయ్య తిట్టింది. నేను నవ్వాను. ఆవిడ ఇంకా తిట్టింది.

ఆ తర్వాత ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆ పై ఆదివారం కూడా. నేను నమ్ముకున్నాను. ఎప్పుడు నమ్మావంటే చెప్పలేను, నిద్ర ఎప్పుడు పట్టిందంటే చెప్పలేనట్టే.

నేను నోరున్నదాన్నని పేరు. కరెంటాఫీసులో బల్ల గుద్ది మాట్లాడాను. గేటుకి అడ్డంగా కారు పెట్టిన పెద్దమనిషి చేత సారీ చెప్పించాను. కానీ అత్తయ్యకి ఈ ఒక్క ముక్క చెప్పాలంటే నోట్లో నాలుక ఉండేది కాదు. మా ఆయనకి చెప్పాను. ఆటోనగర్లో స్పేర్ పార్టులు అమ్మే మనిషి, ఏ విషయమైనా బండి ఆగనంత వరకు ఆయనకి పరవాలేదు. "నీ ఇష్టం. అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో" అన్నాడు.

నా భయానికి కారణం ఉంది. అత్తయ్య తరఫు చుట్టం ఒకావిడ, కంకిపాడు దగ్గర పల్లెటూళ్ళో ఉంటుంది, చర్చికి వెళ్తోందని తెలిసిన రోజున అత్తయ్య అందరిముందూ అంది: "ఇక ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను." ముట్టలేదు. ఆ ఇంట్లో పెళ్ళికి వెళ్ళి సీసా నీళ్ళు తాగి వచ్చింది. మా అత్తయ్య మాటంటే మాటే. నేను చెబితే ఆవిడ పెట్టె సర్దుకుని చిన్నకొడుకు దగ్గరికి మచిలీపట్నం వెళ్ళిపోతుంది, ఇంక మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని అన్నం తినే రోజు రాదు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు అన్నం కలపడం దగ్గర్నుంచి బేరం ఆడటం దాకా నేర్పింది ఈవిడే. ఆవిడ లేని ఇల్లు నాకొద్దు. దేవుడూ కావాలి, అత్తయ్యా కావాలి. అందుకని దొంగతనం మొదలుపెట్టాను.

ఎన్ని వేషాలు వేశానో! వాక్యం పుస్తకాన్ని, అదే బైబిల్ని, చీర అట్టపెట్టెలో పెట్టి చదివేదాన్ని. స్నానాలగదిలో కుళాయి తిప్పి ప్రార్థన చేసేదాన్ని, బయటి నుంచి అత్తయ్య "కృష్ణా నదంతా ఒంపుకుంటున్నావా ఏంటే?" అని కేకేసేది. అన్నం ముందు కళ్ళు మూసుకుంటే, "ఇంకా నోట్లో పెట్టలేదు, అప్పుడే ఉప్పు ఎక్కువైందా?" అనేది. ఆదివారాలు మంగళగిరి వెళ్తున్నానని చెప్పేదాన్ని.

అన్నిటికన్నా కష్టం శుక్రవారం. శుక్రవారం అత్తయ్య అమ్మవారికి పులిహోర నైవేద్యం పెడుతుంది. నైవేద్యం పెట్టేదాన్ని ముందు రుచి చూడకూడదు కదా, అందుకని ఉప్పు ఎప్పుడూ అంచనా మీదే వేస్తుంది. మామూలు రోజుల్లో ఆవిడ వంటలో ఉప్పు తూచి వేసినట్టుంటుంది. శుక్రవారం పులిహోరలో మాత్రం ఒక వారం బందరు సముద్రం, ఒక వారం పథ్యం తిండి. ఎలా ఉన్నా అది ప్రసాదం. పూజ కాగానే తెచ్చి నా చేతిలో పెట్టేది. మేం ప్రసాదం తినం. చర్చిలో ఎవరూ నన్ను కట్టేసి చెప్పలేదు, నా మనసుకే ఒప్పలేదు. తిననని చెప్పడానికి దమ్ము లేదు. కొంగు చివర ముడివేసుకుని, గదిలోకి వెళ్ళి ఆయనకి పెట్టేదాన్ని. ఆయన రెండు వాటాలూ తిని పడుకునేవాడు. నా చీరల కొంగులన్నీ పసుపు మరకలే. ఒకసారి కొనడానికి వచ్చినావిడ నా కొంగు పట్టుకు చూసి, "ఈ డిజైను కొత్తగా ఉందండీ, ఎంత?" అని అడిగింది.

మళ్ళీ డిసెంబరు దగ్గరపడుతుంటే, నదిలో మునిగి బాప్తిస్మం తీసుకుంటానని పాస్టరమ్మగారిని అడిగాను. ఆవిడ నవ్వి, "నది ఎక్కడికీ పోదమ్మా. ముందు మీ అత్తగారికి చెప్పిరా" అంది. పండగలోపు చెప్పేస్తానని మాటిచ్చాను. అప్పుడే నాకో ఉపాయం తట్టింది. క్రైస్తవుల ఇళ్ళ మీద డిసెంబరులో నక్షత్రం కడతారు. నేనూ ఒకటి కడితే? పెద్దది కాదు, అరచేయంతది. ముందుగది కిటికీలో, చీరల మధ్యన. అత్తయ్య చూసి అడుగుతుంది. కస్టమర్ల కోసం అంటాను. ఆవిడ అలవాటు పడుతుంది. మెల్లగా నా బదులు ఆ నక్షత్రమే చెప్పేస్తుంది. ఇంత పిరికి ఉపాయం వెయ్యడానికి కూడా తెలివి కావాలని నన్ను నేను మెచ్చుకున్నాను.

బజారు కాగితం నక్షత్రం నాకు నచ్చలేదు. నోరు కట్టేసుకుని పెడుతున్నప్పుడు అందంగానైనా ఉండాలి కదా. కొండపల్లి బస్సెక్కాను. అక్కడ చెక్కబొమ్మలు చేసే ఒక ముసలాయన దగ్గర చిలకలూ ఏనుగులూ చూసి, నక్షత్రం చేస్తారా అని అడిగాను.

"ఎందుకు చెయ్యమండీ? బ్రహ్మాండంగా చేస్తాం. లోపల లైటు కూడా పెడతాం. అవునూ, మీరు పటమట చీరల అమ్మగారి కోడలు కాదూ? మీ అత్తగారు బొమ్మలు మా దగ్గరే కొంటారండీ. ఆవిడ చెయ్యి మంచిదండీ. నక్షత్రం మీ ఇంటికేనా?"

ఈయన అత్తయ్యతో ఫోన్లో మాట్లాడితే? "అబ్బే, మా ఇంటికెందుకండీ? చర్చికి. చీరలివ్వడానికి వెళ్తే చెప్పమన్నారు."

"చర్చికా!" ఆయన ముఖం వెలిగింది. "ఇంకేం చెప్పొద్దండీ. నేను చూసుకుంటాను."

ఎంత సైజో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. తప్పించుకుని బయటపడ్డానన్న ఆనందానికి తోడు బస్సులో కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

తర్వాత ఒక మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర బ్యాంకు పని చూసుకుంటుంటే ఫోన్ మోగింది. బొమ్మలాయన. "అమ్మా, బయల్దేరిందండీ."

"ఏం బయల్దేరింది?"

"నక్షత్రమండీ. బస్సులో పట్టదు కదండీ, ట్రాలీ ఆటోలో ఎక్కించాను. చర్చి ఎక్కడో నాకు తెలీదు, మీ ఇంటి అడ్రసు నా దగ్గరుందిగా, మీ అత్తగారు బొమ్మలు పంపమన్నప్పుడు ఇచ్చారు. ఈపాటికి అమ్మవారి కొండ కింద ఫ్లైఓవర్ దాటేసుంటుంది."

బస్సులో పట్టదా? అరచేయంత నక్షత్రం బస్సులో పట్టదా? డ్రైవరు నంబరు అడిగి తీసుకుని, రోడ్డు మీదికి పరిగెత్తి, అతన్ని బెంజి సర్కిల్ దగ్గర ఆపమన్నాను. ఆ ఆటో రావడం నేను చాలా దూరం నుంచే చూశాను. నేనేంటి, ఊరంతా చూసింది. ట్రాలీ మీద నిలబెట్టి తాళ్ళతో కట్టిన నక్షత్రం, నాకన్నా ఎత్తు. ఎరుపు, పసుపు, చిలకాకుపచ్చ, కొండపల్లి రంగులన్నీ దాని మీదే ఉన్నాయి. ఒక్కో కొన మీద ఒక్కో చెక్క చిలక. కింద అంబారీ ఏనుగుల మీద, క్రిస్మస్ కథలో నక్షత్రం వెంట వచ్చిన ముగ్గురు జ్ఞానులు వేలాడుతున్నారు. ఒకాయనకి మీసాలు కూడా పెట్టాడు.

నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. రోడ్డు మధ్యలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాను. ఆటో డ్రైవరు, నడివయసు మనిషి, నాకేమైందోనని దిగాడు. "గాలికి ఊగుతోందండీ మేడమ్, ఎవరైనా పట్టుకోవాలి" అన్నాడు. ఇంటికి తీసుకెళ్ళే ప్రశ్నే లేదు. చర్చికన్నాను కనుక చర్చికే ఇచ్చేద్దాం, అబద్ధం నిజమైపోతుంది, పీడా పోతుంది అనుకున్నాను. కొంగు నడుముకి దోపి ట్రాలీ ఎక్కి, నక్షత్రాన్ని వాటేసుకుని నిలబడ్డాను.

ఆటోనగర్ వెళ్ళాలంటే మా వీధి చివర దాటాలి. అక్కడికి రాగానే నక్షత్రం వెనక కూలబడి దాక్కున్నాను. మా పాలాయన మాత్రం చూసి చెయ్యి ఊపాడు.

చర్చి మెట్ల దగ్గర ఆగాం. మెట్లు సన్నం, నక్షత్రం లావు. నిలువుగా పట్టలేదు, పక్కగా పట్టలేదు. పాస్టరమ్మగారు పైనుంచి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన దుకాణం ఆ వీధిలోనే. ఎవరో చెబితే వచ్చి చూసి, పాత టైరు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "కిటికీలో పెడతానన్నది ఇదేనా? దీన్లోనే ఇంకో ఇల్లు పెట్టొచ్చుగదే!"

"నవ్వింది చాలు, ఏం చెయ్యాలో చెప్పండి."

"ఏముందీ, నా గోడౌన్లో పెట్టేద్దాం. పైన టార్పాలిన్ కప్పితే అమ్మకీ తెలీదు, ఎవరికీ తెలీదు. పండగయ్యాక చూసుకోవచ్చు."

సలహా మంచిదే. నాకు మాత్రం కోపం ముంచుకొచ్చింది. ఆయన మీద కాదు. కుళాయి చప్పుడులో ప్రార్థన, కొంగులో ప్రసాదం, ఇప్పుడు బ్రేక్ డ్రమ్ముల మధ్య టార్పాలిన్ కింద నక్షత్రం! కరెంటాఫీసులో బల్ల గుద్దిన చెయ్యి ఏమైంది నాకు? "నక్షత్రాన్ని గోడౌన్లో పెడతారా ఎవరైనా?" అని అరిచాను. డ్రైవరు బెదిరిపోయి బండి స్టార్ట్ చేశాడు. "ఇంటికి పోనివ్వండి" అన్నాను.

వెనక్కి వచ్చే దారిలో సిగ్నల్ దగ్గర ఒక స్కూలు బస్సు ఆగింది. పిల్లలంతా కిటికీల్లోంచి "హ్యాపీ క్రిస్మస్!" అని ఒకటే గోల. నాకు బయట ఎవరూ ఆ మాట చెప్పలేదు అంతవరకు. గొంతులోనే "హ్యాపీ క్రిస్మస్" అన్నాను. వినపళ్ళేదని మళ్ళీ అరిచారు. నేనూ అరిచాను. ట్రాఫిక్ కానిస్టేబులు విజిల్ నోట్లోంచి తీసి, "ముందు బండి తియ్యండమ్మా, హ్యాపీ క్రిస్మస్" అన్నాడు. కొబ్బరిబోండాలాయనకి చెప్పాను. సిటీ బస్సు కండక్టరుకి చెప్పాను. నాకు బొత్తిగా తెలియని ఒక పెద్దాయన స్కూటర్ ఆపి దండం పెడితే ఆయనకీ చెప్పాను. చర్చిలో నేర్చుకున్న పాట గొంతెత్తి పాడాను. నా గొంతు గురించి మా ఇంట్లో మంచి అభిప్రాయం లేదు, డ్రైవరుకి కూడా ఏర్పడి ఉండదు. ఒళ్ళంతా తేలిపోతోంది. బందరు రోడ్డు మొత్తానికి చెప్పేశాను, ఒక్క అత్తయ్యకి తప్ప.

మా గేటు ముందు బండి ఆగేసరికి ఆ తేలిపోవడం అంతా దిగిపోయింది. అత్తయ్య వరండాలో, తెల్లచీర మడత చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. చీరలకొచ్చిన వాళ్ళిద్దరు ఆవిడ వెనక నుంచి తొంగిచూస్తున్నారు.

"ఏంటే అది?"

"నక్షత్రం అత్తయ్యా."

"ఎవరిది?"

నేను నోరు తెరిచేలోపే డ్రైవరు అందుకున్నాడు. "చర్చిదండీ. కొండపల్లి నించి తెచ్చా."

నేను కొండపల్లిలో వదిలేసి వచ్చిన అబద్ధం, బండెక్కి మా గుమ్మంలోకే వచ్చింది. ఒక్క "అవును" అంటే చాలు. అత్తయ్య లోపలికెళ్ళి చీర మడతపెట్టుకుంటుంది, మేమిద్దరం రాత్రికి అన్నం తింటాం. నక్షత్రాన్ని పట్టుకునే ఉన్నాను కనుక చిలకలన్నీ నాతోపాటు వణికాయి.

"చర్చిది కాదత్తయ్యా. నాది. మనింటికే."

"అమ్మకానికా?"

"కాదు."

"మరి వేడుకకా?"

"కాదత్తయ్యా. నేను నమ్ముకున్నాను. ఆదివారాలు నేను మంగళగిరి వెళ్ళట్లేదు, చర్చికి వెళ్తున్నాను."

"ఒక్క ఆదివారమన్నా చీర తేలేదుగా. సినిమాలకేమో అనుకున్నా" అంది ఆవిడ. తర్వాత గొంతు మారింది. "అయితే నా చేతి ప్రసాదం?"

"తిననత్తయ్యా."

"ఇన్నాళ్ళూ తిన్నావు."

"తినలేదు. కొంగులో ముడేసుకుని మీ అబ్బాయికి పెట్టాను."

ఆవిడ నా కొంగు వైపు చూసింది. కొనడానికొచ్చిన వాళ్ళు కూడా చూశారు. "అందుకా వాడికి ఆ పొట్ట!" అంది. నాకు నవ్వాగలేదు, పెదవి కొరుక్కున్నాను. కానీ ఆవిడ నవ్వలేదు. చీర దివాన్ మీద పడేసి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

నక్షత్రాన్ని డాబా మీద నీళ్ళ ట్యాంకుకి కట్టించాం, ఇంకెక్కడా పట్టలేదు. దాని వెలుగు మా వీధి దాటి వెళ్ళేది. కింద మాత్రం ఇంట్లో మాటల్లేవు. అత్తయ్య పెట్టె సర్దలేదు, అలాగని నా ఎదురుగా కూర్చుని తినలేదు కూడా. ముందుగా తినేసి వెళ్ళిపోయేది. కస్టమర్లతో గలగలా మాట్లాడి, వాళ్ళు వెళ్ళగానే మూగదైపోయేది. నేను ఒంటరిగా కూర్చుని, కళ్ళు మూసుకుని, దాచకుండా ప్రార్థన చేసుకుని తినేదాన్ని. చెప్పినందుకు హాయిగానే ఉంది, ఆ హాయి మాత్రం అన్నంతోపాటు గొంతు దిగేది కాదు. ఒకసారి బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కి, ఆవిడ నక్షత్రం ముందు నిలబడి ఉండటం చూశాను. నన్ను చూసి, "ఆ చిలక వంకరగా ఉంది" అని దిగి వెళ్ళిపోయింది. ఆ వారమంతటికీ ఆవిడ నాతో మాట్లాడింది అంతే.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన. నేను ముందుగదిలో చీరలు సర్దుతూ, ఇవాళ ఆవిడ పులిహోర తెచ్చి నా చేతిలో పెడితే మొహం మీద వద్దని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. తేకపోతే అంతకన్నా ఘోరం. పూజ గంట ఇంకా మోగలేదు. ఆవిడ తడి జుట్టు ముడితో గుమ్మంలోకి వచ్చింది. చేతిలో చిన్న స్టీలు గిన్నె, దాన్నిండా పులిహోర.

"తిను."

"అత్తయ్యా, నేను..."

"నోరు మూసుకుని తిను. ఇంకా దేవుడి దగ్గర పెట్టలేదు. నీ వాటా ముందే తీశా."

నేను ఆ ఇంట్లో కాలు పెట్టిన దగ్గర్నుంచి, నైవేద్యం కాకుండా ఒక్క పులిహోర మెతుకు ఎవరి నోట్లోకీ వెళ్ళలేదు. సెలవులకొచ్చిన మరిది పిల్లలు ఆకలని ఏడ్చినా వెళ్ళలేదు. మంచినీళ్ళ విషయంలో పట్టిన పట్టు విడవని మనిషి, పొయ్యి ముందు ఒంటరిగా నిలబడి, అమ్మవారి కన్నా ముందు నా గిన్నె నింపుకొచ్చింది. ట్రాలీ ఎక్కి ఊరేగిన నా ధైర్యం ఆ గిన్నె ముందు ఏపాటిది! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కళ్ళు మూసుకుని, ఆవిడ ఎదుటే, పైకే ప్రార్థన చేశాను. అయ్యేదాకా ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది.

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"ఉప్పెట్టా ఉంది?"

"కాస్త తగ్గిందత్తయ్యా."

"ఎంత?"

బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాను. ఆవిడ తల ఊపి లోపలికెళ్ళింది. వంటింట్లో ఉప్పు డబ్బా మూత చప్పుడైంది, కాసేపటికి పూజగదిలో గంట మోగింది.